“మా వాడికి ఏం పుస్తకాలు కొనమంటారు?” అని అడిగితే ఏం చెప్పాలి

“మా పెద్దోడు నాలుగో తరగతికొచ్చాడండీ, మంచి తెలుగు పుస్తకాలేమైనా ఉంటే చెప్పండి.” వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు నన్నీ మాట అడుగుతారు. మా అపార్ట్‌మెంటు సెల్లారులో, వాచ్‌మన్ గదికి ఆనించి పిల్లల పుస్తకాలు నింపిన ఇనప ట్రంకు పెట్టె నాదొకటి ఉంది. ఆదివారం పదింటికి తాళం తీస్తాను, పన్నెండింటికి వేస్తాను. ఆ రెండు గంటలూ పిల్లలు స్కూటర్ల మధ్య చాపలేసుకుని కూర్చుంటారు. అందుకే నా పేరు ఎవరికీ తెలీదు, ‘పుస్తకాల ఆంటీ’ అంటే మాత్రం మూడు బ్లాకుల్లోనూ తెలుసు. మీకు పెట్టె లేకపోయినా, నాలుగు పుస్తకాలు చదువుతారని తెలిస్తే చాలు, చుట్టాలూ పక్కింటివాళ్లూ మిమ్మల్నీ అడుగుతారు. అడిగినప్పుడు ఏం చెయ్యాలో, నేను చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

తప్పుతోనే మొదలుపెడతాను. మా చెల్లెలి కొడుకు ఎనిమిదో పుట్టినరోజుకి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ ఇచ్చాను. గట్టి అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు. కాకి, ఎలుక, తాబేలు, లేడి, పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. అది 1853లో అచ్చయిన గ్రాంథికమనీ, పెద్దవాళ్లమే తడుముకుంటూ చదువుతామనీ ఇచ్చేటప్పుడు తట్టనే లేదు. సంక్రాంతికి వాళ్లింటికి వెళితే ఆ పుస్తకం క్యారమ్ బోర్డు కింద ఒక మూల ఎత్తుకి పెట్టి ఉంది. బోర్డు మాత్రం ఇసుమంత కూడా ఒరగలేదు. వాడినేమనను? నాకు నచ్చిందని ఇచ్చాను, వాడికేం కావాలో ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు.

ముందు అడగాలి, ఆ తర్వాతే చెప్పాలి

అమ్మానాన్నలు మీకు చెప్పేది వయసూ తరగతీ. వాటితో చెప్పులు కొనొచ్చేమో గానీ పుస్తకం కొనలేం. నాలుగో తరగతిలోనే గుణింతాల దగ్గర ఆగిపోయిన పిల్లలున్నారు, పేపర్లో క్రికెట్ పేజీ గడగడా చదివేసే పిల్లలూ ఉన్నారు. కాబట్టి పేరు నోటికి రాకముందే ఈ సంగతులు రాబట్టండి. పిల్లకి తెలుగు చదవడం వచ్చా, వినడం వరకేనా? ఇంట్లో చదివి వినిపించే తీరిక ఎవరికుంది? అమ్మకా, తాతయ్యకా, ఎవరికీ లేదా? ఏ కథని మళ్లీ మళ్లీ చెప్పించుకుంటుంది? ఏం కనిపిస్తే అన్నం మానేసి నిలబడిపోతుంది? జేసీబీనా, కుక్కపిల్లా, చీమల బారా?

ఇక్కడ చాలామంది “ఏదైనా పర్లేదండీ, కాస్త మంచి అలవాట్లు నేర్పేది చెప్పండి” అంటారు. అలా అన్నారంటే అక్కడితో పెద్దవాళ్లతో మాటలు కట్టిపెట్టి పిల్లతో మాట్లాడండి. వీలైతే అమ్మ పక్కన లేనప్పుడు. “నీకే పుస్తకాలంటే ఇష్టం?” అని మాత్రం అడక్కండి. చదవని పిల్లకి ఆ ప్రశ్న పరీక్ష, చదివే పిల్లకి కూడా ఇబ్బందే. “నిన్న బళ్లో బాగా నవ్వొచ్చిందేంటో చెప్పు” అనండి. ఐదు నిమిషాల్లో మీకు కావలసినదంతా బయటికొస్తుంది.

జపాను రచయిత్రి టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన పుస్తకం తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. బడిలో చేరడానికి వచ్చిన మొదటి రోజున హెడ్మాస్టరు కొబయాషి ఆ చిన్నపిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలపాటు వింటాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆవలించడు. మనకి నాలుగు గంటలు ఎక్కడ కుదురుతాయి గానీ, ఫోను జేబులో పెట్టుకుని పది నిమిషాలు వినగలం కదా. మా పెట్టె దగ్గరికొచ్చే ఒక రెండో తరగతి పిల్లాడు అసలు మాట్లాడడు. ఒకరోజు వాడి ఎడమ చేతికి సిమెంటు కట్టు ఉంటే, ఎలా విరిగిందని అడిగాను. నీళ్ల ట్యాంకు, పిల్లి, నిచ్చెన, తిట్లు, అంబులెన్సు అన్నీ కలిపి అరగంట చెప్పాడు. వాడికి అల్లరి పిల్లాడి కథ కావాలని అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నేను వాడికి బుద్ధిమంతుడి కథలు ఇస్తూ వచ్చాను, వాడు వాటిని తెరవకుండా తిరిగిస్తూ వచ్చాడు.

మధ్య పేజీ తెరిపించి వేళ్లు లెక్కపెట్టండి

పుస్తకం పిల్ల స్థాయికి తగినదా కాదా అన్నది అట్ట మీద అంకెను బట్టి తేలదు. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవమనండి. ఆగిపోయిన ప్రతి మాటకీ ఒక వేలు మడవండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ మడతపడితే అది ఇప్పుడు సొంతంగా చదువుకునే పుస్తకం కాదు. ఈ కొలత ఇంగ్లీషు పుస్తకాలకి చాలాకాలంగా వాడుతున్నదే. తెలుగులో మాత్రం దాన్నొక మెట్టు పెంచి వాడాలి.

ఎందుకంటే మన లిపిలో అక్షరం ఎలా ఉంటే అలానే పలుకుతాం. ఒత్తులు వచ్చిన పిల్ల ఏ మాటనైనా పలికేస్తుంది, అర్థం తెలిసినా తెలియకపోయినా. ‘అభీష్టసిద్ధి’ అని స్పష్టంగా చదివిన పిల్లని అదేంటని అడిగి చూడండి, మీ మొహం చూస్తుంది. అలాగే ‘స్త్రీ’ దగ్గరా ‘జ్యోత్స్న’ దగ్గరా నత్తి పడ్డ పిల్లకి కథ అర్థం కాలేదని కాదు, ఒత్తు కింద ఒత్తు చూసి బెదిరింది, అంతే. అందుకే రెండు చేతులూ వాడండి. కుడి చేతి వేళ్లు పలకలేని మాటలకి, ఎడమ చేతివి పలికినా అర్థం కాని మాటలకి.

కుడి చెయ్యి నిండితే ఆ పుస్తకాన్ని పక్కన పడెయ్యొద్దు. అది మీరు చదివి వినిపించాల్సిన పుస్తకం. సొంతంగా చదువుకోవడానికి మాత్రం ఒత్తులు తక్కువున్న ఇంకోటి ఇవ్వండి. ఎడమ చెయ్యి నిండితే అది భాష సమస్య. పుస్తకం మరీ పండితుల మాటల్లో ఉందన్నమాట, లేదా పిల్లకి తెలియని ప్రాంతపు తెలుగులో ఉందన్నమాట. అలాంటిది ఓ రెండేళ్లు ఆగితే దానంతటదే దారికొస్తుంది. రెండు చేతులూ నిండితే నవ్వేసి పుస్తకం మూసెయ్యండి. “ఇది నాకూ కష్టంగానే ఉంది” అనండి, పిల్ల చిన్నబుచ్చుకోదు.

ఇచ్చేముందు మీరు చదవాలి

చదవకుండా పుస్తకం సిఫారసు చెయ్యొద్దు. ఇరవై పేజీల బొమ్మల పుస్తకానికి పది నిమిషాలు పట్టదు, దీనికి సాకులు చెప్పలేం.

ముందు అచ్చు చూడండి. బస్టాండు దగ్గర బండి మీద దొరికే ‘101 నీతి కథలు’ రకం పుస్తకాల్లో అక్షరం ఆవగింజంత ఉంటుంది. ఒత్తులు ఊడిపోయి ఉంటాయి, ‘శ’, ‘ష’, ‘స’లు ఎక్కడబడితే అక్కడ మారిపోయి ఉంటాయి. తెలుగు అప్పుడే నేర్చుకుంటున్న పిల్లకి తప్పు అచ్చు ఇవ్వడమంటే తప్పు నేర్పడమే. బొమ్మ చూడండి, కథకి సంబంధం ఉందా లేదా? కథలో తాబేలు గట్టెక్కుతుంటే బొమ్మలో ఈదుతుంటే పిల్లలు పట్టేస్తారు. ఆ తర్వాత ఆ పుస్తకం చెప్పే ఇంకే మాటా నమ్మరు.

తర్వాత చివరి పేజీ. అక్కడ గళ్లో పెట్టి ‘నీతి:’ అని ఉందనుకోండి. నేనైతే ఆ గడి మీద బొటనవేలు పెట్టి చదువుతాను. కుందేలు బావిలోకి సింహాన్ని దూకించిన కథ చెప్పి ఆపితే ఒక పిల్ల “సింహానికి అద్దం అంటే తెలీదా?” అని అడిగింది. ఇంకో పిల్లాడు “కుందేలు అబద్ధం చెప్పింది కదా, మరి తప్పు కాదా?” అన్నాడు. దాని మీద చాప మీద పెద్ద గొడవైంది. ‘ఉపాయముంటే అపాయం తప్పించుకోవచ్చు’ అని నేనే ముందు చదివేసి ఉంటే ఈ రెండు ప్రశ్నలూ పుట్టేవి కావు.

ఇంకొకటి కూడా గమనించండి. పాత కథల్లో మంచివాళ్లంతా తెల్లగానూ, రాక్షసులంతా నల్లగానూ ఉంటారు. సవతి తల్లి ఎప్పుడూ దుర్మార్గురాలే. కుంటివాడు, గుడ్డివాడు నవ్వించడానికే వస్తారు. వాటిని దాచిపెట్టమనను. మీ ముందు కూర్చున్న పిల్లల్లో ఒకరికి సవతి తల్లి ఉండొచ్చు, ఇంకొకరిని బళ్లో ‘నల్లపిల్ల’ అంటూ ఉండొచ్చు. ఎవరి ముందు ఏ కథ తియ్యాలో తెలియాలంటే మీరు ముందే చదివి ఉండాలి. తల తెగ్గొట్టడాలూ, రాక్షసులు మింగడాలూ మాత్రం నాకు పెద్ద బెంగ కాదు. పిల్లలకి వాటితో పేచీ లేదు, పెద్దవాళ్లకే.

ఏ పిల్లకి ఏ పుస్తకం

చదవడం రాని పిల్లలకి కథ చెవిలోంచే వెళ్లాలి. మొట్టమొదట నేను తీసేది అసలు పుస్తకమే కాదు, ఏడు చేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, అందులో ఒకటి ఎండలేదు. చేపనడిగితే గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. ఇది చెప్పేటప్పుడు నా చిట్కా ఒకటే. రెండో ప్రశ్న దగ్గర్నుంచి “ఎందుకు” అనే దాకా పలికి ఆగిపోతాను. మిగతాది పిల్లలు పూరిస్తారు. మూడోసారికి నేను చెయ్యి ఊపితే చాలు, గుంపంతా ప్రశ్న అడుగుతుంది. చివర్లో చీమ చెప్పే జవాబు కోసం ఒక నాలుగేళ్ల పిల్ల ముందే చూపుడు వేలు పైకెత్తి సిద్ధంగా కూర్చునేది. బంగారు పుట్టలో వేలు పెట్టింది తనే అన్నట్టు.

ఇలా ఒకే మాట తిరిగి తిరిగి వచ్చే కథల్లోనే పిల్లలు చదవడం కూడా నేర్చుకుంటారు. కథ నోటికొచ్చాక అదే కథ అచ్చులో చేతికిస్తే, కళ్లు నోటిని అందుకుంటాయి. కాబట్టి చదవడం మొదలుపెట్టిన పిల్లకి పుస్తకం చూసేటప్పుడు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, మళ్లీ మళ్లీ వచ్చే మాటలు, మాటని పట్టిచ్చే బొమ్మ ఉన్నాయా లేదా అని చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఇలాంటి తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. దించుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. కథలకి స్థాయిలు పెట్టారు: మొదటి స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆపైన. అయితే అక్కడ ఎవరైనా అనువాదం చేసి పెట్టొచ్చు. అందుకని కొన్ని వాక్యాలు తెలుగు మాటలతో రాసిన ఇంగ్లీషులా ఉంటాయి. పైకి చదివి చూడండి, నాలుక తడబడితే ఇంకోటి వెతకండి.

ఇంగ్లీషు మీడియం పిల్లలకీ, విదేశాల్లో పెరిగే పిల్లలకీ చెన్నై తూలిక వాళ్ల రెండు భాషల పుస్తకాలు బాగా పనికొస్తాయి. ఒకే పేజీలో తెలుగూ ఇంగ్లీషూ ఉంటాయి. పిల్ల ఇంగ్లీషు చదివితే, అమ్మమ్మ తెలుగు చదువుతుంది. ఎవరిది ముందయితే వాళ్లు గెలిచినట్టు. డాలస్‌లో ఉన్న మా మరదలు కూతురికి అలా అలవాటయ్యాక, ఇంగ్లీషు వైపు వేలు పెట్టి దాచి తెలుగు వైపు చూసి కథ చెప్పడం మొదలుపెట్టింది.

కాస్త చదవడం వచ్చి, కథ పొడుగు తట్టుకోగలిగిన పిల్లలకి, అంటే ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకి, నేను ఇప్పటికీ పాత చందమామలే తీస్తాను. 1947 జూలైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైన పత్రిక అది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు చేతి మీదుగా వచ్చింది. ఆ రోజుల్లోని వాక్యాలు చూడండి. పొట్టిగా, నున్నగా, ఒక పని తర్వాత ఇంకో పని జరుగుతూ పోతాయి. అక్కర్లేని వర్ణన ఒక్కటి ఉండదు. పిల్లకి చదవడం అలవాటు చెయ్యడానికి ఇంతకు మించిన తెలుగు నాకు తెలీదు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లైతే మాంత్రికులూ రాక్షసులూ కోటలూ అంటూ మలుపు మీద మలుపు. ఒక్కో భాగం సరిగ్గా ఎక్కడ ఆగితే పిల్ల నిద్రపోదో అక్కడే ఆగుతుంది.

బేతాళ కథల్ని పంచుకోవడానికి ఒక పద్ధతుంది. బేతాళుడు ప్రశ్న వేసే దాకా చదవండి. వెంటనే పుస్తకం మూసి కింద పెట్టేయండి, దాని మీదే కూర్చున్నా తప్పు లేదు. జవాబు పిల్లల్ని చెప్పమనండి. ముగ్గురిలో ఎవరు గొప్పవాడు, రాజు చేసింది న్యాయమా కాదా? మా చాప మీద పిల్లలు ఇరవై నిమిషాలు కొట్టుకుంటారు. విక్రమార్కుడి జవాబు చదివాక కూడా సగం మంది ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా పుస్తకం వాళ్లని మళ్లీ పిలుస్తుంది. ఆ పక్క ఆదివారం ‘ఈసారి బేతాళుడిది ఉందా ఆంటీ’ అని వాళ్లే వస్తారు.

‘బుడుగు’ గురించి ఒక హెచ్చరిక. ముళ్లపూడి రాత, బాపు గీత, 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చింది. మనందరికీ ప్రాణం కాబట్టి ఆరేళ్ల పిల్లకి కొనిచ్చేస్తాం. అది పిల్లాడి నోటితో పెద్దవాళ్లని ఆట పట్టించే పుస్తకం. అందులో నవ్వంతా పెద్దవాళ్ల లోకం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకే అందుతుంది. ఆరేళ్ల పిల్ల చేతికిస్తే బొమ్మలు చూసి పక్కన పెడుతుంది. తొమ్మిది పదేళ్ల వయసులో మీరు గొంతు మార్చి వినిపిస్తే పొట్ట పట్టుకుని నవ్వుతుంది. రెండేళ్లు తొందరపడితే పుస్తకం చెడుతుంది, పిల్ల కూడా “ఓ, అదా, చూశాను” అంటుంది. ఒకసారి ‘చూశాను’ అనిపించుకున్న పుస్తకాన్ని మళ్లీ ముట్టించడం చాలా కష్టం.

పదేళ్లు దాటిన ఆడపిల్లలకి సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కథలు’ ఇస్తుంటాను. మగపిల్లలకి ఎందుకివ్వలేదని ఒకసారి ఒక పిల్లాడే అడిగాడు. అప్పట్నుంచి వాళ్లకీ ఇస్తున్నాను. అప్పటి ఇళ్లూ బళ్లూ ఈ పిల్లలకి తెలీవు. దానివల్ల చదివాక ఇంటికెళ్లి నాయనమ్మని ప్రశ్నలతో చంపుతారు. నాకు కావలసింది అదే. ‘రైలుబడి’ కూడా ఈ వయసుకే. పాత రైలు పెట్టెల్లో క్లాసులు జరిగే బడి అది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆ బడి 1945లో టోక్యో మీద బాంబులు పడి తగలబడిపోతుంది. ఏడుపు తొందరగా వచ్చే పిల్లయితే చివరి అధ్యాయానికి పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.

కథలంటే మొహం తిప్పుకునే పిల్లలూ ఉంటారు. “నిజంగా జరిగిందేనా?” అని అడిగేవాళ్లు. వాళ్ల తల్లిదండ్రులు “మా వాడసలు చదవడండీ” అంటారు. చదవరని కాదు, కల్పన అక్కర్లేదు వాళ్లకి. అలాంటివాళ్ల కోసం మహీధర నళినీమోహన్ ఉన్నారు. పిడుగు ఎందుకు పడుతుందో ‘పిడుగు దేవర కథ’లో, నెలలూ సంవత్సరాలూ ఎలా కట్టారో ‘కేలెండర్ కథ’లో, సైన్సుని కబుర్లు చెప్పినట్టు చెబుతారు. ఒక ఆరో తరగతి పిల్లాడికి ఇచ్చాను. మరుసటి వారం వాళ్ల నాన్న వచ్చి, “అధిక మాసం ఎందుకొస్తుందో మా వాడు పంతులుగారికి చెబుతున్నాడండీ” అని నవ్వాలో మందలించాలో తెలియని మొహంతో నిలబడ్డాడు.

అమర చిత్ర కథ లాంటి బొమ్మల కథలని చిన్నచూపు చూడొద్దు. వాటితో మొదలుపెట్టి పుస్తకాలకొచ్చినవాళ్లని చాలామందిని చూశాను.

ఒకటి ఇవ్వొద్దు, మూడు ఇవ్వండి

ఒక్క పుస్తకం చేతిలో పెడితే అది హోంవర్కు. మూడు పెడితే ఎంచుకోవడం. ఒకటి పిల్లకి సుళువుగా అయిపోయేది, ఒకటి తనకి ఇష్టమైన సంగతి ఉన్నది, ఒకటి మీ పిచ్చి కొద్దీ ఇచ్చేది. మూడోది తిరిగొస్తుందని ముందే అనుకోండి, బాధ ఉండదు. అప్పుడప్పుడు అదే నచ్చి మిమ్మల్ని ఆశ్చర్యపెడుతుంది.

ఇచ్చేటప్పుడు కథ మొత్తం చెప్పేయకండి, గొప్ప పుస్తకమనీ అనకండి. “ఇందులో ఒక ముసలామె ఉంటుంది, ఏనుగుని కొడుతుంది, ఎందుకో నేను చెప్పను” అంటే చాలు. నచ్చకపోతే మధ్యలో ఆపేసి తెచ్చివ్వచ్చని కూడా చెప్పండి. ఈ మాటకి తల్లిదండ్రులు కంగారు పడతారు, మొదలుపెట్టింది పూర్తి చెయ్యాలంటారు. మీరు బలవంతంగా పూర్తి చేసిన నవల ఒకటి చెప్పండని అడుగుతాను, మాటరాదు.

పుట్టినరోజు కానుకైతే మొదటి పేజీలో పిల్ల పేరు, తేదీ, ఒక వాక్యం రాయండి. “బాగా చదువుకోవాలి” లాంటిది వద్దు. “కట్టు విప్పిన తర్వాత మళ్లీ ట్యాంకు ఎక్కొద్దు” అని రాశాను నేను. ఆ పుస్తకం వాడి దిండు పక్కనే ఉంటుందని వాళ్లమ్మ చెప్పింది.

చదివి వినిపించడం మీ నోటితోనే

పుస్తకాల్లో ‘వెళ్లాడు’ అనే ఉంటుంది. మా బ్లాకులో కరీంనగర్ వాళ్లింట్లో ‘పోయిండు’ అంటారు. కింది ఫ్లాటు అనంతపురం వాళ్లు ‘పొయ్‌నాడు’ అంటారు. చదివి వినిపించేటప్పుడు మీ ఇంటి మాటలోకి మార్చేసుకోండి. కథ పిల్లకి చుట్టమవుతుంది. పిల్ల పక్కనుంచి అక్షరాలు చూస్తుంటే మాత్రం “పుస్తకంలో ఇలా రాశారు, మనం ఇలా అంటాం” అని ఒక్కమాట చెప్పండి. తన ఇంటి మాట తప్పని అనుకుంటే ఆ పిల్ల చదవడమే మానేస్తుంది.

రోజుకి పావుగంట చాలు. పడుకునే ముందు, అదే చోట, అదే వేళకి. నటించడం రాదని జంకకండి. మెల్లగా చదవండి, ఎక్కడ భయమేస్తుందో అక్కడ ఇంకా మెల్లగా. అడ్డు ప్రశ్నలొస్తే పుస్తకం దించి జవాబు చెప్పండి, కథ ఎక్కడికీ పోదు. పిల్లకి చదవడం వచ్చేసిందని వినిపించడం ఆపేయకండి. ఐదో తరగతి పిల్ల చెవి, ఐదో తరగతి పిల్ల కంటికన్నా రెండేళ్లు పెద్దది.

దూరంగా ఉన్న మనవళ్లకి తాతయ్యలూ అమ్మమ్మలూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజులుగా కథ పంపొచ్చు. రోజుకి ఒక పేజీ, ఐదు నిమిషాలు. పుస్తకం అక్కడ పిల్ల దగ్గర, గొంతు ఇక్కడ. పేజీ తిప్పే చోట చప్పట్లు కొట్టమని మా అత్తగారికి నేర్పించాం. సూట్‌కేసులో పుస్తకాలు పంపేటప్పుడు మాత్రం ఆవకాయకి దూరంగా సర్దండి. ఒకసారి మేం పంపిన ‘ఇల్లేరమ్మ’కి ఇరవై పేజీలదాకా నూనె పట్టేసింది. వాసన పోలేదుట, పిల్లలు ముక్కు పెట్టి చూసి మరీ చదివారు.

ఎక్కడ దొరుకుతాయి

హైదరాబాద్‌లో డిసెంబరులోనూ, విజయవాడలో జనవరి మొదట్లోనూ జరిగే పుస్తక ప్రదర్శనలకి పిల్లనే తీసుకెళ్లండి. చేతికి వంద రూపాయలిచ్చి వదిలేయండి, ఎంచుకునేది తనే. సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ వాళ్ల దగ్గర పాత సోవియట్ పిల్లల పుస్తకాలు మళ్లీ అచ్చు వేసినవి చాలా ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం వరసలోవి చవకగా వస్తాయి.

మీ ఊరి శాఖా గ్రంథాలయాన్ని మరచిపోకండి. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా ఇప్పటికే పోతోంది. పిల్ల పేరు మీద కార్డు తీసుకోండి. పిల్లల పుస్తకాల బీరువాకి తాళం వేసి ఉంటే, తియ్యమని అడగండి. తీసేదాకా అక్కడే నిలబడండి.

తర్వాత ఏం జరిగిందో రాసుకోండి

పుస్తకం ఇచ్చిన వారానికి “చదివావా? ఏం నేర్చుకున్నావు?” అని అడగడం మనకి వేళ్లకంటా పోయిన అలవాటు. నాలుక కరుచుకోండి. “అందులో ఎవరంటే నీకు ఒళ్లు మండింది?” అని అడగండి. చదివుంటే ఊగిపోతూ చెబుతుంది. చదవకపోతే ఏమీ అనదు, మీరు కూడా ఏమీ అనొద్దు.

నా దగ్గర రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఉంది. పేజీకి ఒక పిల్ల. తేదీ, పుస్తకం పేరు, తిరిగిచ్చిన తేదీ, పక్కన పిల్ల అన్న మాట, అన్నది అన్నట్టే. ‘బోర్’, ‘రాక్షసి పాపం’, ‘ఇంకోటుందా’, ‘చెల్లి చించింది నేను కాదు’. కొత్త పుస్తకం ఎవరికివ్వాలో వెతకాలంటే ఇదే నా దారి. ‘రాక్షసి పాపం’ అన్న పిల్లకి ఏం కావాలో వాళ్లమ్మకన్నా నాకే బాగా తెలుసు.

చిరిగిన పేజీకి సెలోటేపు వెయ్యకండి, రెండేళ్లకి పచ్చబడి పేజీతో సహా ఊడొస్తుంది. మైదా జిగురు పల్చగా కాచి, టిష్యూ కాగితం సన్నటి పట్టీ అతికించండి. బరువు కింద రాత్రంతా ఉంచండి. బరువుకి నేను వాడేది నీతిచంద్రికే, మా చెల్లెలు తిరిగిచ్చేసింది.